అలాస్కా క్రూజ్‌కి ఇద్దరి బట్టలూ కలిపి సర్దండి

పెళ్ళయి రెండేళ్ళైంది, ఇద్దరం హెచ్‌-1బి వర్క్ వీసా మీద ఉన్నాం, జూన్‌లో సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ బుక్ చేశాం, ఓడ ఎక్కడం ఇదే మొదటిసారి, ఏమేం సర్దుకోవాలి అని అడిగారు కదా. మేం డాలస్‌లో ఉంటాం. మా పదో పెళ్ళిరోజుకి ఇదే రూట్‌లో ఆగస్టు చివర్లో వెళ్ళొచ్చాం. ఏం పెట్టుకోవాలో చెప్పే ముందు ఎలా పెట్టుకోవాలో చెప్తాను, ఎందుకంటే మేం ఇబ్బంది పడింది అక్కడే.

మేం ఎవరి సూట్‌కేసు వాళ్ళం సర్దుకున్నాం. నా బట్టలన్నీ నా పెట్టెలో, మా ఆయనవన్నీ ఆయన పెట్టెలో. ముందు రోజు రాత్రి సియాటిల్‌లో విమానం దిగితే నా పెట్టె వచ్చింది, ఆయనది రాలేదు. రేపు పొద్దున వస్తుందన్నారు, మధ్యాహ్నం అన్నారు, సాయంత్రం నాలుగింటికి ఓడ కదిలిపోయింది, పెట్టె మాత్రం రాలేదు. ఆయన ఒంటి మీద ఉన్న టీషర్టు, జీన్స్, చేతిలో లాప్‌టాప్ బ్యాగు, అంతే. ఓడలో ఉన్న షాపులో రెండు టీషర్టులు కొన్నాం, మూడో రోజు అలాస్కాలోని కెచికాన్ అనే ఊళ్ళో దిగాక జాకెట్టు, సాక్సులు కొన్నాం. పెళ్ళిరోజు కోసం ఇష్టంగా కుట్టించుకున్న కుర్తా పెట్టెలోనే ఉండిపోయి, మేం ఇల్లు చేరిన రెండు రోజులకి ఇంటికొచ్చింది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను: రెండు పెట్టెలూ తెరిచి పక్కపక్కన పెట్టుకుని, మీ బట్టలు సగం ఆ పెట్టెలో, ఆయన బట్టలు సగం ఈ పెట్టెలో పెట్టండి. ఒకటి పోయినా ఇద్దరికీ మూడు రోజులు గడుస్తుంది. ఓడ ఎవరి కోసమూ ఆగదు కాబట్టి బయలుదేరే రోజు పొద్దున్న విమానం అస్సలు పెట్టుకోకండి, ముందు రోజే చేరుకోండి.

ఇక అన్నిటికంటే ముందు బయటికి తీయాల్సింది బట్టలు కాదు, కాగితాలు. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతాం, అలాస్కా కూడా అమెరికానే, ఇంక వీసా గొడవేముంది అని చాలామంది అనుకుంటారు. కానీ ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ వేరే దేశాల్లో రిజిస్టర్ అయినవి. 1886 నాటి ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ ప్రకారం అలాంటి ఓడ మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగకుండా అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పడానికి వీల్లేదు. అందుకే సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు మామూలుగా చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. భారతీయ పాస్‌పోర్టు, హెచ్‌-1బి ఉన్నవాళ్ళకి కెనడా విజిటర్ వీసా కావాలి, మేం విక్టోరియాలో దిగం, గదిలోనే ఉంటాం అన్నా ఒప్పుకోరు, చెక్‌-ఇన్ దగ్గరే ఆపేస్తారు. మా ముందు లైన్లో ఒక తెలుగు జంట పెట్టెలతో సహా వెనక్కి వెళ్ళిపోవడం చూశాం. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు ఇప్పటికీ గుర్తున్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఆ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టూ గ్రీన్‌కార్డూ చాలు. మీకు కెనడా వీసా లేకపోతే ఈ వారమే అప్లై చేయండి, వేలిముద్రలకి అపాయింట్‌మెంట్ కూడా దొరకాలి కదా.

పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్ళకి ఇంకో టెన్షన్ ఉంటుంది. కెనడాకి 30 రోజుల లోపు వెళ్ళి వచ్చేవాళ్ళకి గడువు అయిపోయిన స్టాంపుతోనే తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే సదుపాయం ఉంది, చెల్లుబాటులో ఉన్న ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చేతిలో ఉండాలి. మీ విషయంలో అది వర్తిస్తుందో లేదో మీ కంపెనీ లాయరునే అడిగి ఈమెయిల్లో రాయించుకోండి, స్నేహితుల మాట మీద వెళ్ళకండి. పాస్‌పోర్టులు, వీసాలు, ఐ-94, ఐ-797 (హెచ్-1బి ఆమోద పత్రం), పే స్లిప్పులు అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుని మీ చేతి సంచిలోనే ఉంచుకోండి.

చేతి సంచి అన్నాను కదా, దాని గురించి ఇంకొంచెం. రేవులో పెద్ద పెట్టెలకి ట్యాగులు కట్టి పోర్టర్లకి ఇచ్చేస్తాం, అవి మన గది ముందుకి వచ్చేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. ఆ లోపల కావాల్సినవన్నీ మీ దగ్గరే ఉండాలి: మందులు, చార్జర్లు, ఒక స్వెటర్, ఓడలో వేడి నీళ్ళ తొట్టిలో దిగాలనుకుంటే ఈత బట్టలు, కళ్ళద్దాలు. మొదటి మధ్యాహ్నం డెక్ మీద జనం తక్కువగా ఉంటారు, అప్పుడే ఆ తొట్టి ఖాళీగా దొరికేది.

బట్టల సంగతి. జూన్‌లో జూనో, స్కాగ్వే లాంటి ఊళ్ళల్లో పగలు 60 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, అదేమంత చలి కాదు కదా అనిపిస్తుంది. కానీ అక్కడ చలికంటే తడి ఇబ్బంది పెడుతుంది. కెచికాన్‌లో ఏడాదికి 140 అంగుళాలకు పైగా వాన పడుతుంది, అంటే మన విశాఖలో ఏడాదంతా కురిసేదానికి సుమారు మూడు రెట్లు. మే, జూన్ కాస్త నయం, ఆగస్టు నుంచి ముసురు పెరుగుతుంది, మాకైతే ఆ ఊళ్ళో ఉన్న ఆరు గంటలూ వానే. కాబట్టి ఒకే లావుపాటి కోటు కొనుక్కోవద్దు, అది సూట్‌కేసు సగం తినేస్తుంది, తడిస్తే ఆరదు. లోపల ఒంటికి అతుక్కునే థర్మల్, దాని మీద ఫ్లీస్, అన్నిటికీ పైన నీళ్ళు చొరబడని పల్చటి రెయిన్ జాకెట్టు, టోపీతో సహా. ఎండ వస్తే ఒక్కోటీ తీసేసి సంచిలో పెట్టుకోవచ్చు. "వాటర్ రెసిస్టెంట్" అని రాసి ఉన్నవి అరగంట వానకే లోపలికి దిగిపోతాయి, "వాటర్‌ప్రూఫ్" అని ఉందో లేదో చూసి కొనండి. జీన్స్ ఒక్కటి చాలు, అది కూడా విమానానికి. తడిసిన జీన్స్ ఆ గదిలో రెండు రోజులైనా ఆరదు. ఉన్ని సాక్సులు మనిషికి నాలుగు జతలు, నీళ్ళు చొరబడని బూట్లు ఒక జత, ఓడలోపల తిరగడానికి మామూలు చెప్పులు ఒక జత.

గ్లేసియర్ (మంచునది) చూసే రోజు గురించి వేరేగా చెప్పాలి. మా ఓడ ఎండికాట్ ఆర్మ్ అనే సన్నటి సముద్రపు పాయలోకి వెళ్ళింది, చివర్లో డాస్ గ్లేసియర్ ఉంటుంది. ఆ మంచు మీద నుంచి వచ్చే గాలి ఊళ్ళల్లో చలిలా ఉండదు, చెవులు నొప్పి పుడతాయి. అయినా లోపలికి వెళ్ళబుద్ధి కాదు, నీలంగా మెరిసే ఆ గోడ నుంచి ముక్క విరిగి పడినప్పుడు ముందు మంచు పడటం కనిపిస్తుంది, ఆ తర్వాత ఉరుములాంటి శబ్దం వస్తుంది. మేం రెండు గంటలు రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాం. ఆ రెండు గంటల కోసం గ్లవ్స్, మెడకి మఫ్లర్, చెవులు కప్పే టోపీ తప్పకుండా పెట్టుకోండి. మా అమ్మ ఇండియా నుంచి పంపిన మంకీ క్యాప్ ఆ రోజు పెట్టుకున్నాను, అంతకంటే మంచిది ఇక్కడ ఏ షాపులోనూ దొరకలేదు నాకు.

ఒకటో రెండో ఫార్మల్ రాత్రులు ఉంటాయి, అంటే బాగా తయారై భోజనానికి వెళ్ళే రాత్రులు. ఇష్టమైతేనే వెళ్ళొచ్చు, కానీ కొత్త జంట కదా, వెళ్ళండి, ఫొటోలు బావుంటాయి. చీర కట్టుకోవాలనుకుంటే పట్టు వద్దు, క్రేప్ గానీ జార్జెట్ గానీ పెట్టుకోండి, ఎందుకంటే గదిలోకి ఇస్త్రీ పెట్టె, స్టీమరు తీసుకెళ్ళనివ్వరు, అగ్ని ప్రమాదం అని పెట్టెలు స్కాన్ చేసినప్పుడే తీసేస్తారు. నేను మెరూన్ క్రేప్ చీర చుట్టచుట్టి పెట్టాను, ఒక్క మడత కూడా పడలేదు. లంగా, జాకెట్టు, పిన్నీసులు అన్నీ చీరతోనే ఒక కవరులో పెట్టుకోండి, పిన్నీసులు మాత్రం ఓడలో దొరకకపోవచ్చు. బరువైన నగలు ఇంట్లోనే వదిలేయండి.

సముద్రం పడుతుందో లేదో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి తెలీదు. కెనడాలోని వాంకూవర్ నుంచి వెళ్ళే ఓడలు దీవుల చాటున ఇన్‌సైడ్ ప్యాసేజ్‌లో వెళ్తాయి కాబట్టి కుదుపు తక్కువ, సియాటిల్ ఓడలు ఎక్కువగా వాంకూవర్ ఐలాండ్‌కి పడమటి వైపు, తెరిచి ఉన్న పసిఫిక్‌లో వెళ్తాయి. మొదటి రాత్రి, రెండో రోజు ఓడ ఊగడం బాగా తెలుస్తుంది. వాంతి వచ్చాక మాత్ర వేసుకుంటే నిలవదు, ముందే వేసుకోవాలి. మేం మెక్లిజిన్ తీసుకెళ్ళాం, అది నిద్ర తెప్పిస్తుంది, అందుకని నేను రాత్రి పడుకునే ముందు వేసుకున్నాను. ప్రెగ్నెన్సీ ఉన్నా, ప్లాన్ చేస్తున్నా, వేరే మందులు వాడుతున్నా డాక్టర్ని అడిగే వేసుకోండి. అల్లం మిఠాయి, పుల్లటి గ్రీన్ ఆపిల్ కొంత పనిచేశాయి. గది ఇంకా ఎంచుకోకపోతే ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకోండి.

తిండి గురించి మనవాళ్ళందరూ భయపడతారు. మా అత్తయ్యగారు ఫోన్ చేసి రైస్ కుక్కర్ పెట్టుకోండమ్మా అన్నారు. కుక్కరు, కెటిల్, కొవ్వొత్తులు, అగరుబత్తీలు ఏవీ ఓడ ఎక్కవు. ఇంట్లో చేసిన వంటలు కూడా చాలా కంపెనీలు వద్దంటాయి, సీలు తీయని ప్యాకెట్లయితే రానిస్తారు. అందుకే జంతికలు, ఆవకాయ సీసా ఇంట్లో పెట్టేసి, ఇండియన్ స్టోర్లో కందిపొడి ప్యాకెట్టు ఒకటి, వేడి నీళ్ళు పోస్తే అయ్యే ఉప్మా కప్పులు నాలుగు కొనుక్కున్నాం. బఫేలో వేడి నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. బుక్ చేసినప్పుడే శాకాహారం అని రాయించి, మొదటి రాత్రి భోజనాల దగ్గర హెడ్ వెయిటర్‌తో మాట్లాడితే మర్నాటి నుంచి అన్నం, పప్పు, కూర చేసి పెట్టారు, పెరుగు బఫేలో ఎలాగూ ఉంటుంది. వాళ్ళు చూపించిన ఆదరణకి నాకు నిజంగా కడుపు నిండింది. పండ్లు మాత్రం ఓడలోంచి ఒడ్డుకి తీసుకెళ్ళకండి, విక్టోరియాలోనూ తిరిగి సియాటిల్లోనూ అడుగుతారు. దేవుడి ఫొటో చిన్నది, కుంకుమ డబ్బీ పెట్టుకోండి, దీపం లేకుండానే దణ్ణం పెట్టుకోవచ్చు.

గది చిన్నది. మాది 180 చదరపు అడుగులు కూడా లేదు, ఇద్దరూ ఒకేసారి పెట్టెలు తెరిస్తే నడవడానికి చోటుండదు. ఎక్కిన రోజే బట్టలన్నీ అల్మారాలో సర్దేసి ఖాళీ పెట్టెలు మంచం కిందకి తోసేయండి. గోడలు ఇనప రేకువి, అందుకని అయస్కాంతం ఉన్న కొక్కేలు ఎనిమిదో పదో తీసుకెళ్ళండి. తడి జాకెట్లు, టోపీలు, సంచులు అన్నీ వాటికే తగిలించాం, ఇంత చవకగా ఇంత ఉపయోగపడిన వస్తువు ఇంకోటి లేదు. ప్లగ్గులు తక్కువ, ఎక్స్‌టెన్షన్ వైర్లు, సర్జ్ ప్రొటెక్టర్లు ఒప్పుకోరు, యూఎస్‌బీ పోర్టులు నాలుగైదు ఉన్న చిన్న చార్జర్ ఒకటి చాలు. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురు, తెల్లవారుజామున నాలుగింటికే మళ్ళీ తెల్లారిపోతుంది, కిటికీ ఉన్న గదైతే కళ్ళకి కట్టుకునే మాస్కులు రెండు. కొబ్బరినూనె ఆ చలికి గడ్డకడుతుంది, వెడల్పు మూతి ఉన్న డబ్బాలో పోసుకోండి.

ఫోన్ ఓడ ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే సముద్రం మీద నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వందల డాలర్లకి పోతుంది. అలాస్కా సియాటిల్ కంటే గంట వెనక ఉంటుంది, ఒడ్డున దిగినప్పుడు ఫోన్ ఏ టైము చూపిస్తుందో నమ్మలేం, చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ టైముకి తిప్పుకోండి.

బైనాక్యులర్స్ రెండు తీసుకెళ్ళండి, ఒకటి కాదు. తిమింగలం పైకి వచ్చి నీళ్ళు చిమ్మి మునిగిపోవడం అంతా కొన్ని సెకన్ల పని. మా దగ్గర ఒక్కటే ఉంది, జూనో దగ్గర హంప్‌బ్యాక్ తోక ఎత్తినప్పుడు ఆయన చూశారు, నా చేతికి వచ్చేసరికి నీళ్ళే ఉన్నాయి. 8x42 అని రాసి ఉన్నవి, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేవి, బావుంటాయి, అంతకంటే ఎక్కువ దగ్గరగా చూపించేవైతే పడవ కుదుపుకి బొమ్మ నిలవదు.

చివరి రాత్రి సంగతి ఒకటుంది. ఆ రాత్రి పెట్టెలకి ట్యాగులు కట్టి గది బయట పెట్టేస్తే రాత్రికి రాత్రి తీసుకెళ్ళి పొద్దున రేవులో ఇస్తారు. అందరూ హడావిడిగా అన్నీ పెట్టెలో కుక్కేసి బయట పెట్టేస్తారు, తెల్లారి లేచాక ఒంటి మీద రాత్రి బట్టలు తప్ప ఇంకేమీ ఉండవు. మర్నాటి బట్టలు, బూట్లు, బ్రష్షు, మందులు, పాస్‌పోర్టు ఫోల్డరు ముందే పక్కకి తీసి మంచం మీద పెట్టుకున్నాకే జిప్పు వేయండి.