బొమ్మల నవల కోసం బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో గ్రాఫిక్ డిజైనర్‌ని. నెలకు చేతికి 58 వేలు వస్తాయి. మావారికి ఆటో స్పేర్ పార్టుల షాపు ఉంది, ఆదాయం ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. ఆరేళ్ల పాప. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 52 వేలు. 3 లక్షలు, 2.5 లక్షలు, 1.5 లక్షలు చొప్పున మూడు ఎఫ్‌డీలు, 12 తులాల బంగారం ఉన్నాయి. అప్పుల్లేవు. బకింగ్‌హాం కాలువ మీద పడవలు నడిపిన ఒక కుటుంబం కథను నా స్నేహితురాలు రాసింది. రెండేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని నేను బొమ్మలు వేశాను. 120 పేజీల రంగుల గ్రాఫిక్ నవల సిద్ధమైంది. మేమే ప్రచురించాలనుకుంటున్నాం. ఆఫ్‌సెట్‌లో 1,500 కాపీలు వేస్తే కాపీకి 150, డిజిటల్‌లో 400 వేస్తే కాపీకి 240 అవుతుందని ప్రింటర్ చెప్పారు. ధర 399 పెడదామనుకున్నాం. డిస్ట్రిబ్యూటర్ 45 శాతం కమీషన్ అడుగుతున్నారు, అమ్మిన ఆరు నెలలకు డబ్బు ఇస్తారట. ప్రింటింగ్‌కి 2.25 లక్షలు, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి, వెబ్‌సైట్‌కి 60 వేలు, కామిక్స్ అభిమానుల మేళా కామిక్ కాన్‌లో స్టాల్‌కి, ప్రయాణాలకి 65 వేలు, ప్రూఫులకి, ఆవిష్కరణ సభకి 50 వేలు, మొత్తం 4 లక్షలు లెక్క తేలింది. 2 లక్షలు ఎఫ్‌డీల నుంచి, 2 లక్షలు 12 శాతం వడ్డీకి గోల్డ్ లోన్‌గా తీసుకోవచ్చా? పుస్తకం బాగా పోతే ఉద్యోగం మానేసి ఇదే చేయాలని ఉంది.

జవాబు: పుస్తకం వేయండి. గోల్డ్ లోన్ మాత్రం వద్దు, 1,500 కాపీలు కూడా వద్దు. తెలుగులో పెద్దవాళ్లు చదివే బొమ్మల నవలలు చాలా తక్కువ. 1947లో చందమామ మొదలైంది తెలుగు, తమిళాల్లోనే. బుజ్జాయి గారి బొమ్మల కథలు చూస్తూ పెరిగినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. అలాంటి భాషలో ఇంకో మంచి పుస్తకం రావాలని నాకూ ఉంది. మొదటి పుస్తకానికే మీ ఇల్లు అప్పుల్లో పడితే రెండోది రాదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు మీ లెక్కే చూద్దాం. 399 రూపాయల పుస్తకంలో డిస్ట్రిబ్యూటర్ 45 శాతం పట్టుకుంటే మీ చేతికి వచ్చేది సుమారు 219. ఆ దారిలో 1,500 కాపీలూ అమ్ముడైపోయాయనుకోండి, ఒక్కటి కూడా వెనక్కి రాలేదనుకోండి. మీకు వచ్చేది 3,28,500. మీరు పెట్టేది 4 లక్షలు. అన్నీ అమ్మినా 71,500 నష్టం. దాని మీద వడ్డీ ఉంటుంది. 2 లక్షల గోల్డ్ లోన్‌కి 12 శాతం చొప్పున ఏడాదికి 24 వేలు. ప్రింటింగ్ ఖర్చు 150 తీసేస్తే డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఒక కాపీ మీద మీకు మిగిలేది 69 రూపాయలే కాబట్టి, ఆ వడ్డీ కట్టడానికే 348 కాపీలు అమ్మాలి. డబ్బేమో ఆరు నెలలకు వస్తుంది. ఈలోగా వాయిదా దాటితే వేలం నోటీసు వచ్చేది మీ బంగారానికి.

కాపీకి 150 పడే ఆఫ్‌సెట్ చవకగా, 240 పడే డిజిటల్ ఖరీదుగా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. డిజిటల్ కాపీని మీరే నేరుగా పాఠకుడికి పంపితే ఏమవుతుందో చూడండి. 399లో ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వేకి సుమారు 8, పోస్టేజీకి, అట్టపెట్టెకి 45 పోతే 346 ఉంటుంది. అందులో 240 తీసేసినా 106 మిగులుతుంది. చవక కాపీని డిస్ట్రిబ్యూటర్‌కి ఇస్తే 69, ఖరీదైన కాపీని మీరే నేరుగా పంపితే 106. పైగా ఇంట్లో వెయ్యి కాపీలు పేరుకుపోవు. చిన్న ప్రచురణలో డబ్బు ఎక్కువగా పోయేది మంచం కింద, అటక మీద మిగిలిపోయే ఆ కట్టల్లోనే.

అలా కట్టలు మిగలకుండా వేయడానికి మంచి ఉదాహరణ మన పక్కనే, శివకాశిలో ఉంది. అక్కడ ముత్తు కామిక్స్ 1972లో, లయన్ కామిక్స్ 1984లో మొదలయ్యాయి. యూరప్ కామిక్స్‌ని తమిళంలోకి తెచ్చి ఇప్పటికీ వేస్తున్నారు. ఏడాది చందా, ముందస్తు బుకింగ్ కట్టే పాఠకులే వాళ్లకు పెద్ద ఆసరా. ఎంతమంది కట్టారో తెలిస్తే ఎన్ని వేయాలో తెలుస్తుంది. పెద్ద కంపెనీల బలం లేకుండా ప్రాంతీయ భాషలో కామిక్స్ ఇన్నేళ్లు నిలవడం వెనుక ఆ అలవాటుకు చాలా పాత్ర ఉందని నేను నమ్ముతాను. మీరూ ఆ దారిలోనే వెళ్లాలి.

మీరు ఎంత పెట్టొచ్చో ఇప్పుడు చూద్దాం. మీవారి ఆదాయం నిలకడగా లేదన్నారు కాబట్టి మీకు ఆరు నెలల ఖర్చు నిల్వ చాలదు, తొమ్మిది నెలలది ఉండాలి. అంటే 4,68,000. మొత్తం 7 లక్షల్లో అది తీసేస్తే 2,32,000. పాప స్కూలు ఫీజుకి, ఇంట్లో అనుకోకుండా వచ్చే పనులకి 70 వేలు పక్కన పెట్టండి. మిగిలిన 1,62,000లోనే ఈ పుస్తకం నడవాలి. కాబట్టి 1.5 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే తీయండి. మిగతా రెండింటి జోలికి వెళ్లకండి. గడువుకి ముందే తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, అది పెద్ద విషయం కాదు.

నేను వేసిన బడ్జెట్: 400 డిజిటల్ కాపీలకు 96 వేలు, ప్రూఫులకు, నమూనా ప్రతులకు 20 వేలు, పుస్తక ప్రదర్శనలోనో కామిక్ కాన్‌లోనో ఎవరితోనైనా పంచుకున్న టేబుల్‌కి, రానుపోను ఖర్చులకి 20 వేలు. మొత్తం 1,36,000. కంపెనీ లేదు, వెబ్‌సైట్ లేదు, ఆవిష్కరణ సభ లేదు. సభ లేదంటే మనసు కష్టపడుతుందని తెలుసు. హాలు అద్దె, టిఫిన్లు, బ్యానర్లు కలిస్తే వంద కాపీల ముద్రణ ఖర్చు. ఆ డబ్బు పుస్తకంలోకే వెళ్లాలి.

ధర 450 పెట్టండి, పోస్టేజీ అందులోనే. 120 రంగుల పేజీలకు అది ఎక్కువ కాదు. గేట్‌వే, పోస్టేజీ ఖర్చులు పోను, ముద్రణ ఖర్చు తీయకముందు కాపీకి 396 వస్తుంది. ముందస్తు బుకింగ్ ఒక నెల తెరిచి ఉంచండి. పది పేజీలు అందరికీ ఉచితంగా చూపించండి, బొమ్మ చూడకుండా బొమ్మల పుస్తకానికి ఎవరూ డబ్బు కట్టరు. 150 బుకింగులు వస్తే 59,400 రూపాయలు ప్రెస్సుకి వెళ్లకముందే చేతిలో ఉంటాయి. ఆ తర్వాత ఒక్క కాపీ కూడా అమ్ముడుపోకపోయినా మీ నష్టం 76,600 దాటదు. అది బాధ పెడుతుంది, ఇంటిని కూల్చదు. లైబ్రరీలకు, సమీక్షలకు, రచయితకు ఇచ్చేవి 40 తీసేసి మిగతా 360 అమ్మితే 1,42,560 వస్తుంది. మిగులు 6,560. అంటే మొదటి ముద్రణలో మీ రెండేళ్ల రాత్రిళ్లకు కూలి రాదు. ఆ సంగతి ఇప్పుడే ఒప్పుకుని దిగండి.

బుకింగ్ డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. అందులోంచి ప్రింటర్‌కి, పోస్టాఫీసుకి తప్ప దేనికీ తీయొద్దు, షాపుకి సరుకు అవసరమైనా సరే. 150 రాకపోతే ఏం చేస్తారో బుకింగ్ తెరిచే రోజే రాసిపెట్టండి. నా సలహా, వంద కంటే తక్కువైతే అందరికీ డబ్బు వెనక్కి ఇచ్చేసి ఇంకో ఆరు నెలలు పాఠకులను కూడగట్టుకోండి. వంద దాటి 150కి చేరకపోతే ప్రింటర్‌ని 250 కాపీలకు రేటు అడగండి.

పోస్టు విషయంలో ఒక మంచి కబురు. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. సాహిత్య, సాంస్కృతిక పుస్తకాలకు 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు గరిష్ఠంగా 100, పన్ను అదనం. పార్శిల్ ఎక్కడుందో ట్రాక్ చేసుకోవచ్చు. పుస్తకం మీద ప్రచురణకర్త లేదా ప్రింటర్ పేరు ఉండాలి. కాగితం మందం ఖాయం చేసే ముందు ప్యాకింగ్‌తో సహా తూకం వేసి చూడండి, 300 గ్రాముల లోపు ఉంటే ప్రతి కాపీ మీదా కొంత మిగులుతుంది.

కంపెనీ ఎందుకు వద్దంటే, ప్రైవేట్ లిమిటెడ్‌కి అమ్మకాలు ఎంత తక్కువైనా ఏటా ఆడిట్ తప్పదు. మీ పేరు మీదే సొంత సంస్థగా నడపొచ్చు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. పుస్తకాలు మాత్రమే అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. అయితే ప్రింటర్ మీ దగ్గర వసూలు చేసే జీఎస్టీ మీకు తిరిగి రాదు. కాబట్టి ఆ 240లో పన్ను కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. నేను కలిసి ఉందనే లెక్క వేశాను. స్టాల్‌లో పోస్టర్లు, కీచైన్లు పెట్టాలనిపిస్తుంది. వాటికి పన్ను ఉంది. వాటిని బెంగళూరో చెన్నైయో తీసుకెళ్లి అమ్మాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. మొదటి ఏడాది పుస్తకంతోనే సరిపెట్టుకోండి.

పుస్తకానికి ఉండే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామని వేలకు వేలు అడిగే ఏజెంట్లు తగులుతారు. దానికి రుసుము లేదు. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి మీరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని మూడు లైబ్రరీలకు ఒక్కో కాపీ పంపాలి. 1954 నాటి చట్టం అది. చిన్న ప్రచురణకర్తలు చాలామంది వదిలేస్తారు. మీరు వదలకండి.

స్నేహితురాలితో ఒప్పందం మాత్రం ప్రెస్సుకి వెళ్లేలోపు కాగితం మీద ఉండాలి. కథ మీద హక్కు ఆమెది, బొమ్మల మీద హక్కు మీది. ఆమె మీకు ప్రచురణ హక్కు ఇస్తున్నట్టు సంతకం ఉండాలి. గడువు రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం అది 5 ఏళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. రేపు అమెరికాలోని తెలుగువాళ్లకు పంపాలన్నా, ఎవరైనా వెబ్ సిరీస్ తీస్తామన్నా అక్కడే గొడవ మొదలవుతుంది. పెట్టుబడి తిరిగొచ్చాక వచ్చే ప్రతి రూపాయిలో ఎవరికెంతో శాతాల్లో రాసుకోండి. డబ్బు మీ ఒక్కరిదే అయితే అదీ రాయండి.

ఆదాయపు పన్నులో ఒకటి గుర్తుంచుకోండి. ఇది వ్యాపార ఆదాయం. నష్టం వస్తే జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు. గడువులోగా రిటర్న్ వేస్తే ఆ నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి వ్యాపార లాభంలో సర్దుకోవచ్చు. జీతగాళ్లు వేసే రిటర్న్ ఫారం ఐటీఆర్-1 ఇక పనికిరాదు. ప్రతి బిల్లూ దాచండి.

డిస్ట్రిబ్యూటర్‌ని పూర్తిగా వదులుకోమనడం లేదు. 240 పడే కాపీకి ఆ దారిలో దాదాపు ఏమీ మిగలదు, అంతే. ఏ షాపులోనైనా అమ్మకానికి ఉంచితే చలానా మీద సంతకం తీసుకోండి. అమ్మేదాకా ఈ కాపీలు మావే అన్న మాట అందులో ఉండాలి. 2025 జనవరిలో అమెరికాలో డైమండ్ అనే పెద్ద కామిక్స్ పంపిణీ సంస్థ దివాలా రక్షణ కోరింది. ఆ తర్వాత, చిన్న ప్రచురణకర్తలు దాని గోదాముల్లో అమ్మకానికి ఉంచిన పుస్తకాలను కూడా అమ్మేసేందుకు ఆ సంస్థ కోర్టును అనుమతి అడిగింది. తమ పుస్తకాలు తమవేనని నిరూపించుకోవడానికి వాళ్లు లాయర్లను పెట్టుకోవాల్సి వచ్చింది.

ఉద్యోగం ఈ ఒక్క పుస్తకం చూసి మానకండి. ఇంట్లో నిలకడగా వచ్చే జీతం మీదొక్కటే. మూడు పుస్తకాలు వేశాక, ఏడాదికి ఇంత వస్తుందని ఖాతా పుస్తకం చూపించగలిగినప్పుడు మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడదాం.

నిల్వ 60 కాపీలకు దిగాక రెండో ముద్రణ ఆలోచించండి. అదీ అమ్మకాల డబ్బు, కొత్త బుకింగులు కలిపి సరిపోతేనే. ఆఫ్‌సెట్‌కి, డిస్ట్రిబ్యూటర్‌కి అప్పుడు వేళవుతుంది. 450లో 45 శాతం పోయినా మీకు 247 వస్తుంది. 150 ఖర్చు తీసేస్తే 97 మిగులుతుంది. 300 కాపీలు ఇప్పటికే అమ్మి చూపించారు కాబట్టి కమీషన్ 40కి తగ్గించమని, ఆరు నెలల గడువు మూడుకి తెమ్మని అడిగే బలం కూడా అప్పుడు ఉంటుంది.