వార్డులో తప్పు కనిపిస్తే నోరు విప్పాలా? మరి వీసా సంగతి?

సెలవులకు వైజాగ్ వచ్చినప్పుడల్లా, ఇంగ్లండ్‌లో నర్సులుగా చేరాలని ద్వారకానగర్‌లో ఓఈటీ (వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) క్లాసులకు వెళ్ళే అమ్మాయిలు కొందరు కలుస్తుంటారు. జీతమెంత, అద్దెలెంత, చలికి ఏం కొనుక్కోవాలి, ఇలాంటివే ఎక్కువగా అడుగుతారు. ఈసారి గాజువాక నుంచి వచ్చిన ఒకమ్మాయి వేరే ప్రశ్న వేసింది. "అక్కా, అక్కడ వార్డులో ఏదైనా తప్పు జరుగుతోందని చెబితే వీసా పోతుందట కదా? మా సీనియర్ ఒకావిడ, నీ డ్యూటీ నువ్వు చేసుకో, మిగతావి నీకెందుకు అంది."

ఆ సీనియర్ మంచి కోరే చెప్పింది, కానీ భయపడి చెప్పింది. ఆ మాట పట్టుకుని విమానం ఎక్కితే రోగికి నష్టం, మీ రిజిస్ట్రేషన్‌కూ నష్టం. ఇంగ్లండ్‌లో నర్సుగా పనిచేసేవాళ్ళు, నర్సులను రిజిస్టర్ చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ (ఎన్‌ఎంసీ) కోడ్‌కు కట్టుబడాలి. రోగి భద్రతకు ముప్పు ఉందనిపిస్తే ఆలస్యం చేయకుండా చెప్పాలని ఆ కోడ్‌లోని 16వ అంశం స్పష్టంగా అంటుంది. అక్కడ చెప్పడం ఉద్యోగంలో భాగం. చూసి కూడా ఊరుకున్నారని తర్వాత తేలితే జవాబు చెప్పుకోవలసింది మీరే.

ముందు వీసా సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఈ భయం ఉన్నంతసేపు మిగతావేవీ చెవికెక్కవు. వీసా ఇచ్చేది హోం ఆఫీసు, అంటే అక్కడి హోంశాఖ. ఆసుపత్రి స్పాన్సర్ మాత్రమే, అంటే ఉద్యోగమిచ్చి వీసాకు పూచీపడేది, మీ వీసాను అది రద్దు చేయలేదు. ఉద్యోగంలోంచి తీసేస్తే మాత్రం ఆ విషయం హోం ఆఫీసుకు తెలియజేయాలి. అప్పుడు హోం ఆఫీసు మీకు ఉత్తరం రాసి మామూలుగా 60 రోజుల గడువు ఇస్తుంది. ఆలోగా మరో స్పాన్సర్‌ను చూసుకోవాలి, లేదా వెనక్కి రావాలి. అప్పు చేసి వెళ్ళిన పిల్లకు ఆ 60 రోజులు ఎంత బరువో నాకు తెలుసు, అందుకే ఇది ఉత్త భయమని కొట్టిపారేయను.

అయితే దానికి ఎదురుగా ఒక చట్టం ఉంది. 1998 నాటి పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్ యాక్ట్ ప్రకారం, రోగుల ప్రాణాలకు ప్రమాదం ఉందని చెప్పినందుకు ఉద్యోగం తీసేస్తే ఆ తొలగింపే అన్యాయమని ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. రెండేళ్ళు పనిచేసి ఉండాలనే షరతు దీనికి లేదు, చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. ప్రమాదం జరిగిందని మీరు నిరూపించనక్కరలేదు. అలా నమ్మడానికి సరైన కారణం ఉంటే చాలు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఈ కారణంతోనే తీసేశారని అనుకుంటే తాత్కాలిక ఉపశమనం కోసం, అంటే కేసు తేలేదాకా జీతం ఆగకుండా ఉండటం కోసం, తీసేసిన 7 రోజుల్లోపే ట్రిబ్యునల్‌ను అడగాలి. ఆ వారం ఏడుస్తూ కూర్చుంటే ఆ దారి మూసుకుపోతుంది.

అందుకే మొదటి జీతం రాగానే యూనియన్‌లో చేరండి. ఆర్‌సీఎన్ గానీ యునిసన్ గానీ, ఏదో ఒకటి. చందా దండగ అనుకునేవాళ్ళను చాలామందిని చూశాను. సమస్య మొదలయ్యాక చేరితే ఆ పాత సమస్యకు యూనియన్ సాధారణంగా సాయపడదు. ఇంటికి పంపే డబ్బులో కొంచెం తగ్గినా ఇది మానొద్దు.

ఇంత ఏర్పాటు ఊరికే రాలేదు. ఇంగ్లండ్‌లోని స్టాఫోర్డ్ ఆసుపత్రిలో 2005 నుంచి 2009 దాకా రోగులు దారుణమైన నిర్లక్ష్యానికి గురయ్యారు. నీళ్ళు అందక పూలజాడీల్లోని నీళ్ళు తాగినవాళ్ళున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. అక్కడి ఎమర్జెన్సీలో పనిచేసిన హెలీన్ డొనెలీ అనే నర్సు మళ్ళీ మళ్ళీ రాసి ఇచ్చింది, బెదిరింపులు ఎదుర్కొంది. దీనిపై న్యాయవాది రాబర్ట్ ఫ్రాన్సిస్ చేసిన విచారణ నివేదిక 2013 ఫిబ్రవరిలో వచ్చింది. సిబ్బంది గొంతు ఎందుకు నొక్కేస్తున్నారన్న దానిపైనే ఆయన 2015లో మరో నివేదిక ఇచ్చారు. మనలా బయటి దేశాల నుంచి, మైనారిటీ వర్గాల నుంచి వచ్చినవాళ్ళకు నోరు విప్పడం మరీ కష్టమని అందులో గుర్తించారు. ఆ తర్వాతే ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) ఆసుపత్రులను నడిపే ట్రస్టులన్నిటిలో, సిబ్బంది చెప్పేది వినడానికి ఫ్రీడమ్ టు స్పీక్ అప్ గార్డియన్ అనే మనిషిని పెట్టారు.

గార్డియన్ దగ్గరికి వెళ్ళే ముందు చేయాల్సినవి ఉన్నాయి. నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది వీటి గురించే.

కేజీహెచ్‌లోనో ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లోనో పనిచేసి వచ్చినవాళ్ళకు పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వస్తే కేస్ షీట్లు పట్టుకుని వెనకాల నిలబడటం అలవాటు. సార్ అడిగితేనే చెబుతాం. ఇంగ్లండ్‌లో కన్సల్టెంట్‌ను, అంటే పెద్ద డాక్టరును కూడా పేరు పెట్టి పిలుస్తారు, మీరు మాట్లాడతారనే ఎదురుచూస్తారు. మర్యాదకని మీరు మౌనంగా ఉంటే, ఈమెకు అభ్యంతరం లేదనుకుంటారు.

ఒక రాత్రి డ్యూటీ అనుకోండి. రోగి శ్వాస నిమిషానికి 26 ఉంది. బీపీ, ఆక్సిజన్ బాగానే ఉన్నాయి. రోగి పరిస్థితి ఎంత దిగజారుతోందో పాయింట్లలో చూపడానికి అక్కడ వాడే న్యూస్ 2 చార్టులో శ్వాస 25కు చేరితే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు పడతాయి. ఏ ఒక్క అంశానికైనా 3 వచ్చిందంటే డాక్టరుకు వెంటనే చెప్పాలి. మొత్తం 5 అయితే అత్యవసరంగా వచ్చి చూడాలి, 7 గానీ అంతకు మించి గానీ వస్తే ఎమర్జెన్సీ. జూనియర్ డాక్టరు ఫోన్‌లో "కాసేపు చూద్దాం" అన్నాడనుకోండి. సరే సార్ అని పెట్టేయకండి. "ఐ యామ్ వర్రీడ్ అబౌట్ దిస్ పేషెంట్, ఐ నీడ్ యూ టు కమ్ నౌ" అనండి. రాకపోతే అతని పై డాక్టరైన రిజిస్ట్రార్‌కు, విషమిస్తున్న రోగులను చూసే అవుట్‌రీచ్ టీముకు, చివరికి కన్సల్టెంట్‌కు చేయండి. ఎవరికి ఎన్ని గంటలకు ఫోన్ చేశారో, వాళ్ళేమన్నారో నోట్స్‌లో అప్పటికప్పుడే రాయండి. ఇంగ్లీషు ఎలా ఉందో ఎవరూ పట్టించుకోరు, పైవాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడకండి.

డ్యూటీ అయ్యాక ఇన్సిడెంట్ ఫారం నింపాలి. చాలా ఆసుపత్రుల్లో దాన్ని డేటిక్స్ అంటారు. అందులో "ఫలానా ఆయన నిర్లక్ష్యం చేశాడు" అని రాయొద్దు. "2 గంటల 10 నిమిషాలకు శ్వాస 26, డాక్టరుకు ఫోన్ చేశాను, 3 గంటల 40 నిమిషాలకు వచ్చారు" అని రాయండి. మనిషి మీద కోపం కనిపిస్తే దాని మీదే చర్చ నడుస్తుంది, రోగి సంగతి వెనక్కిపోతుంది. సిబ్బంది కొరత కూడా రాయాల్సిందే. పగటి డ్యూటీలో వయోజనుల వార్డులో ఒక నర్సు 8 మందికి మించి చూస్తే హాని జరిగే ప్రమాదం పెరుగుతుందని, అక్కడ వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2014లోనే చెప్పింది. మీకు 11 మందిని ఇస్తే ఇన్‌ఛార్జికి చెప్పి, ఫారం కూడా నింపండి. రోజూ ఇంతే కదా అని మానేయొద్దు. కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క.

ఇన్‌ఛార్జికి, మేనేజరుకు చెప్పినా కదలిక లేకపోతే, లేదా సమస్యే ఆ మేనేజరు అయితే, గార్డియన్‌కు మెయిల్ పెట్టండి. వార్డులో కలవనక్కరలేదు, బయట ఎక్కడైనా కలుస్తారు. మీ పేరు ఎవరికి చెప్పవచ్చో, ఎవరికి చెప్పకూడదో మొదటి మాటలోనే అడిగి తేల్చుకోండి. మీ అనుమతి లేకుండా పేరు బయటపెట్టరు, ఎవరికైనా తీవ్రమైన హాని జరిగే పరిస్థితో చట్టపరమైన అవసరమో ఉంటే తప్ప. అసలు పేరు లేకుండానూ చెప్పవచ్చు గానీ, అప్పుడు తిరిగి మిమ్మల్ని అడిగి తెలుసుకునే వీలుండదు, మీకు జవాబూ రాదు. ఇంకొకటి, గార్డియన్ మీ తరఫు వకీలు కాదు, తానే విచారణ చేసే మనిషీ కాదు. మీ మాట సరైన చోటికి చేరేలా, చెప్పినందుకు మీకు ఇబ్బంది రాకుండా చూస్తారు. రంగు గురించో యాస గురించో ఎవరైనా చులకన చేసినా, రోస్టర్‌లో పండగ సెలవులు మీకు మాత్రమే ఎగ్గొడుతున్నా అక్కడే చెప్పవచ్చు.

మన తెలుగు నర్సుల వాట్సాప్ గ్రూపుల గురించి గట్టిగా చెప్పాలి. బాధ కలిగితే మన భాషలో నలుగురితో చెప్పుకోవాలనిపిస్తుంది, అది సహజం. కానీ రోగి పేరు, బెడ్ నంబరు, కేస్ షీట్ ఫొటో ఆ గ్రూపులో పెట్టారంటే, మీరు చెప్పిన విషయం ఎంత నిజమైనా విచారణ మీ మీదే మొదలవుతుంది. గుర్తుకోసం సొంత డైరీ రాసుకోండి, అందులోనూ తేదీ, టైము, ఏం జరిగిందో చాలు, రోగి వివరాలు వద్దు. మిమ్మల్ని గ్రూపులో ఉసిగొల్పేవాళ్ళు రేపు మీటింగ్‌లో మీ పక్కన కూర్చోరు. యూనియన్ ప్రతినిధి కూర్చుంటారు.

వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లో చేరేవాళ్ళకు గార్డియన్ ఉండకపోవచ్చు. అక్కడ యజమాని వినకపోతే నేరుగా వాటిని తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్‌కు చెప్పవచ్చు, చట్టం దానికీ రక్షణ ఇస్తుంది. స్కాట్లాండ్‌లో ఏర్పాటు వేరు, అక్కడ ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగుల కోసం 2021 ఏప్రిల్ నుంచి ప్రత్యేక స్వతంత్ర అధికారి ఉన్నారు. ఎవరికి ఎలా చెప్పాలో తెలియకపోతే ప్రొటెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఉచితంగా, గోప్యంగా సలహా ఇస్తుంది.

ఇంట్లోవాళ్ళకూ ఒక మాట. సీతమ్మధారలోనో పెందుర్తిలోనో కూర్చుని ఫోన్‌లో "మనకెందుకమ్మా, నోరు మూసుకుని నాలుగేళ్ళు గడుపు" అని చెప్పే అమ్మలు, అత్తలు ప్రేమతోనే చెబుతారు. మీ పిల్ల నోరు మూసుకున్న రాత్రి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఆ బరువు జీవితాంతం మోసేది ఆమే. ఆమె చెప్పిందని తెలిస్తే "ఏం రాశావు, ఎవరికి చెప్పావు, యూనియన్‌కు తెలుసా" అని అడగండి.

బయలుదేరే ముందు వైజాగ్‌లో ఉండగానే ఒక పని చేయండి. ఒప్పంద పత్రంలో ముందే మానేస్తే ఎంత తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో వెతకండి. మొత్తం ఎంత, ఏడాది గడిచేకొద్దీ తగ్గుతుందా, వాళ్ళే తీసేస్తే కూడా కట్టాలా అని మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. బ్రిటన్ ప్రభుత్వ నియమావళి ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర ఏజెన్సీ ఫీజు తీసుకోకూడదు. డబ్బు అడిగిన ఏజెన్సీ ద్వారా వెళ్ళకండి. తీర్చలేని అప్పుతో దిగినవాళ్ళు వార్డులో తప్పు చూసినా గొంతు పెగల్చలేరు.