డాబా మీది నుంచి ఎగ్జోప్లానెట్: అడగాల్సింది అద్దం సైజు కాదు

"హన్మకొండల డాబా మీంచి వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని కనిపెట్టాలంటే 8 అంగుళాల టెలిస్కోప్ సరిపోతదా, 12 కావాలా?" అన్నది ప్రశ్న.

8 చాలు. మిగిలిన పైసలు మౌంటుకు, అంటే టెలిస్కోపును మోస్తూ నక్షత్రం వెంట తిప్పే స్టాండుకు, పెట్టండి. గ్రహం ఎట్లాగూ కనపడదు. అది నక్షత్రానికి అడ్డంగా పోయేటప్పుడు వెలుగు ఎంత తగ్గిందో కొలవడమే పని. పేపర్లలో వచ్చే రంగురంగుల గ్రహాలు దాదాపు అన్నీ ఎవరో గీసిన బొమ్మలే.

చెయ్యి తిరగడానికి హెచ్‌డీ 189733 అనే నక్షత్రాన్ని పట్టుకోండి. డంబెల్ నెబ్యులా అనే వాయుమేఘం పక్కనే ఉంటది, వెలుగు కొలత (మాగ్నిట్యూడ్) 7.7. దాని గ్రహం 2005లోనే దొరికింది. 2.2186 రోజులకోసారి, దాదాపు గంటా యాభై నిమిషాలు, వెలుగు 2.4 శాతం తగ్గుతది. తొమ్మిది చుట్లకు 20 రోజులకు 47 నిమిషాలు తక్కువ పడతది. అంటే ఈ రాత్రి 9కి మొదలైతే 20 రోజుల తర్వాత 8:13కి.

వానలు పోయాక, వరి కొయ్యకాళ్లు కాల్చే పొగ లేవకముందు, అక్టోబరే మనకు దక్కేది. ఆ నెల మొదట్ల రాత్రి ఏడున్నరకు ఆ నక్షత్రం దాదాపు నడినెత్తికి వస్తది. చిక్కంతా అక్కడే. జర్మన్ ఈక్వటోరియల్ రకం మౌంటు అప్పుడు టెలిస్కోపును అవతలి పక్కకు తిప్పి పల్టీ కొట్టాలి. నక్షత్రం కెమెరాలో వేరే పిక్సెళ్ల మీదికి పోయి గ్రాఫులో మెట్టు పడతది. కొత్తవాళ్లు ఆ మెట్టునే గ్రహమనుకుంటరు. తొమ్మిది ప్రాంతంలో మొదలయ్యే రాత్రి చూసుకుని, ముందొక గంట, తర్వాతొక గంట కలిపి తీయండి.

ఫోకస్ కావాలనే చెడగొట్టండి. చుక్క కాదు, సకినం లాగా 20 పిక్సెళ్ల వెడల్పు రావాలి. 16 బిట్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ వెలుగు లెక్క 65,535 దగ్గర నిండిపోతది, 40 వేలు దాటనీయకండి. ఎక్స్‌పోజర్ మాత్రం 10 సెకన్లకు తగ్గితే మిణుకు మిణుకే రికార్డయితది. అదే ఫ్రేములో ఇంచుమించు అంతే వెలుగున్న నక్షత్రం ఇంకోటి ఉండాలి. రెండూ కలిసి తగ్గితే అది మబ్బు. అద్దానికి మంచు పట్టకుండా హీటరు పట్టీ చుట్టండి. వీధి ఎల్‌ఈడీ లైటుకు మాత్రం మందు లేదు.

ఇంత చేసినా తెలిసేది వెడల్పే. 2.4 శాతం అంటే 0.024, దాని వర్గమూలం 0.155, దాన్ని నక్షత్రం వ్యాసార్ధంతో గుణిస్తే గురుగ్రహం కన్నా కాస్త పెద్దదని తేలుతది. బరువు తేలదు. టీఓఐ-4603 బి అనే గ్రహం వెడల్పులో గురుడంతే, బరువు 13 రెట్లు. మౌంట్ ఆబూలోని పారస్ స్పెక్ట్రోగ్రాఫ్ (వెలుగును రంగులుగా విడగొట్టే పరికరం) గ్రహం లాగుడుకు నక్షత్రం ఊగడాన్ని కొలిస్తేనే 2023లో ఆ సంగతి బయటపడ్డది. డాబా మీద అది కాదు.

డాబాకు అందే అసలు పని వేరే. గ్రహాలను వెతికే టెస్ ఉపగ్రహం కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను), అంటే పక్కపక్క నక్షత్రాలు కలిసిపోతయి. పక్కన ఒకదాన్నొకటి కమ్ముకునే జంట నక్షత్రముంటే నింద అసలు నక్షత్రం మీద పడతది. మీ 8 అంగుళాలకు అవి చాలాసార్లు విడివిడిగా కనపడతయి. వెలుగు తగ్గింది పక్కదానికైతే ఆ గ్రహం లేదని జాబితాలోంచి తీసేయొచ్చు. గ్రాఫు గిన్నె అడుగులా కాక గరాటులా మొనదేలినా అది గ్రహం కాదు, జంట నక్షత్రమేమోనని అనుమానించండి.