వార్డులో లేని భయం రోల్ ప్లేలో ఎందుకు?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. బ్రిటన్ వెళ్లాలని ఓఈటీకి, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్షకు, ప్రిపేర్ అవుతున్నాను. రీడింగ్, లిజనింగ్ పర్వాలేదు. స్పీకింగ్ అనేసరికి నోరు పెగలదు. వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చేలోపు అవతలివాళ్లు ఇంకో ప్రశ్నకు వెళ్లిపోతారు. మా మలయాళీ సిస్టర్లు గడగడా మాట్లాడుతుంటే నేను మందుల ట్రాలీ సర్దుతున్నట్టు నటిస్తాను. ఇంట్లో ప్రాక్టీసు చేద్దామంటే మా ఆయన నవ్వుతారు. కాన్ఫిడెన్స్ ఎలా వస్తుంది?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ట్రాలీ సంగతి చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన దాన్ని. ప్రశ్న అడగబోతున్నానని కనిపెట్టగానే వెనక బెంచీలో పెన్నులు టపటపా కిందపడేవి, వెతుక్కోవడానికి తలలన్నీ బల్లల కిందికి వెళ్లేవి. మీరూ ఆ కోవలోని వారే.

ముందు పరీక్ష గురించి. స్పీకింగ్ మొత్తం సుమారు 20 నిమిషాలు. మొదట కాసేపు మామూలు కబుర్లు, వాటికి మార్కుల్లేవు. తర్వాత రెండు రోల్ ప్లేలు, అంటే మీరు నర్సుగా, అవతలివాళ్లు పేషెంటుగా నటిస్తూ మాట్లాడటం, ఒక్కోటి సుమారు 5 నిమిషాలు. ప్రతిదానికీ ముందు సందర్భం రాసిన కార్డు ఇచ్చి 3 నిమిషాలు చదువుకోనిస్తారు. దాని మీద మీకు కావలసింది రాసుకోవచ్చు కూడా. అన్నిటికన్నా ముఖ్యమైన మాట: పేషెంటుగా నటించే మనిషి మీకు మార్కులు వేయరు. రికార్డింగు విని వేరేవాళ్లు వేస్తారు. కాబట్టి వాళ్ల ముఖం చిట్లితే మన గ్రామర్ తప్పిందేమోనని బెంగపడక్కర్లేదు. వాళ్లు నొప్పిగా ఉన్నట్టు నటిస్తున్నారంతే.

మార్కులు ఒక్క భాషకే కాదు. పేషెంటు భయాన్ని గుర్తించారా, అడగాల్సినవి అడిగారా, ఒక వరసలో చెప్పారా, చెప్పింది అర్థమైందో లేదో చూసుకున్నారా అన్నవీ లెక్కే. ఐసీయూ బయట ఏడుస్తున్న బంధువులకు మీరు రోజూ చేస్తున్నది ఇదే కదా.

ఆదివారాలు నా దగ్గరకు నర్సు అమ్మాయిలు కొందరు ప్రాక్టీసుకు వస్తుంటారు. ఒకామె ప్రతి వాక్యానికీ ముందు ‘సారీ’ అనేది. ఒకరోజు నేను ఇన్సులిన్ వద్దనే షుగర్ పేషెంటునయ్యాను. ఆమె ‘యూ మస్ట్ టేక్ ఇన్సులిన్’ అని ఆగిపోయింది. సరే, తెలుగులో ఒప్పించమన్నాను. అప్పుడు చూడాలి ఆ పిల్లని! ‘ఎవరు చెప్పారమ్మా మీకు అలాగని?’ అంది. ‘ఒకసారి మొదలెడితే జీవితాంతం తప్పదట, పక్కింటావిడ చెప్పింది’ అన్నాను మొండిగా. ‘మీ భయం నాకు అర్థమైంది, నేను చెప్పేది కాస్త వింటారా?’ అని పక్కన కూర్చుంది. ఆమెకు రానిది మాట్లాడటం కాదు. ఇంగ్లీషు అనగానే పేషెంటుని వదిలేసి వాక్యాన్ని పట్టుకుంటోంది. అదే సంభాషణ మళ్లీ చేయించాను: ‘హూ టోల్డ్ యూ దట్?’ ‘ఐ అండర్‌స్టాండ్ యూ ఆర్ వరీడ్.’ ‘మే ఐ ఎక్స్‌ప్లెయిన్?’ ఒక్కటీ ఐదు మాటలు దాటలేదు. సారీలు వాటంతటవే తగ్గాయి.

మీరూ ప్రతి కార్డూ ముందు తెలుగులో ఆడండి. తర్వాత అదే వరసలో, పొట్టి వాక్యాలతో ఇంగ్లీషులో ఆడండి. పెద్ద వాక్యం మొత్తం మనసులో కట్టుకుంటూ కూర్చుంటేనే అవతలివాళ్లు ముందుకు వెళ్లిపోతారు. కోచింగుల్లో బట్టీ పట్టించే అందమైన వాక్యాల మీద నాకు నమ్మకం లేదు. పేషెంటు ఒక్క అడ్డు ప్రశ్న వేస్తే అవన్నీ చెదిరిపోతాయి. వినపడకపోతే ‘కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?’ అనండి. మంచి నర్సు అడగాల్సిన ప్రశ్నే అది.

పెద్ద మాటల మోజూ వద్దు. వార్డులో ఎన్‌పీఓ, హైపర్‌టెన్షన్ అని అలవాటైన నోటితో పేషెంటుకి ‘డోంట్ ఈట్ ఆర్ డ్రింక్ ఎనీథింగ్’, ‘హై బ్లడ్ ప్రెషర్’ అని చెప్పగలగాలి. చిన్న మాటలు వచ్చినవాళ్లకు ఈ పరీక్ష అనుకూలం.

ఇక మలయాళీ సిస్టర్లు. ఈసారి ట్రాలీ వదిలి వాళ్ల మాట జాగ్రత్తగా వినండి. మలయాళం యాస తెలుస్తూనే ఉంటుంది, దాని కోసం వాళ్లు ఆగరు. వాళ్లలో ఒకరికి రోజూ ఒక్క బెడ్ హ్యాండోవర్, అదే డ్యూటీ మారేటప్పుడు పేషెంటు వివరాలు అప్పగించడం, ఇంగ్లీషులో ఇవ్వండి. అందుకు వాడే వరస ఎస్‌బార్ మీకు తెలిసిందేగా: సిట్యుయేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమెండేషన్. ఏది ముందు చెప్పాలో అదే చెబుతుంది, మీరు మాటలు పెడితే చాలు. యాస పోగొట్టుకోవాల్సిన పనిలేదు గానీ, అంకెల దగ్గర మాత్రం నేను కఠినంగా ఉంటాను. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినబడితే డోసు మారిపోతుంది. ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని విడదీసి చెప్పడం అలవాటు చేసుకోండి. బెడ్డు, టాబ్లెట్టు అని చివర మనం తగిలించే ఉకారాన్ని కాస్త కత్తిరిస్తే మంచిదే. కుదరకపోతే కొంపేమీ మునగదు.

మీవారికి పేషెంటు కార్డు ఇచ్చి, ఇంగ్లీషులోనే మూలగమనండి. ఫోన్‌లో 5 నిమిషాలు టైమర్ పెట్టండి. నవ్వడానికి ఆయనకు తీరిక ఉండదు.

మీరు అడగలేదు గానీ, ఒకటి చెబుతాను. అక్కడ నర్సుల రిజిస్ట్రేషన్ చూసే బ్రిటన్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో బి గ్రేడు, అంటే 350 అడుగుతుంది. రైటింగ్‌కు సి ప్లస్, అంటే 300 చాలు. రైటింగ్‌లో రాయాల్సిన ఉత్తరాలు దిద్దుకుంటూ రాత్రుళ్లు గడుపుతుంటే అందులో కొంత సమయం తీసి స్పీకింగ్‌కు ఇవ్వండి.