వాక్సింగ్ తర్వాత కాళ్ల మీద పొక్కులు, లోపలే ఇరుక్కున్న వెంట్రుకలు: ముందు ఆ సేఫ్టీ పిన్ పక్కన పడేయండి

వాక్సింగ్ తర్వాత వచ్చే ఈ పొక్కులు ఎలా పోతాయి, లేజర్ చేయించుకోవచ్చా అన్న మీ ప్రశ్న చదివి నా పిక్కల వైపు ఒకసారి చూసుకున్నా, ఆరేడేళ్ల క్రితం అచ్చం ఇదే గోల నాది. వాక్సింగ్ అయిన పది పదిహేను రోజులకి గుండుసూది తలకాయంత ఎర్ర పొక్కులు, వెలుతురులో చూస్తే చర్మం కింద నల్లగా చుట్టచుట్టుకున్న వెంట్రుక, గిల్లితే మచ్చ. పైగా మీకు నెలన్నరలో పెళ్లి అంటున్నారు, పార్లర్‌లోనేమో ఇంకోసారి వాక్స్ చేస్తే అన్నీ లాగేసుకొచ్చేస్తాయి మేడమ్ అన్నారని రాశారు. ఆ మాట ఒక్కటి మాత్రం నమ్మకండి. నాకూ అదే చెప్పారు, నమ్మి వెళ్లా, పార్లర్ అమ్మాయి పొక్కులున్న చోటే స్ట్రిప్ వేసి లాగింది, రెండోరోజుకి తొడ లోపలి వైపు ఒకటి సెగగడ్డలా లేచి ఆఫీసులో కుర్చీలో సరిగ్గా కూర్చోలేకపోయా.

అసలు నేను చేసిన వెధవపని ఇంకోటుంది. అప్పుడు కూకట్‌పల్లిలో హాస్టల్‌లో ఉండేదాన్ని, రాత్రి పదకొండింటికి రూమ్మేట్ పడుకున్నాక ఫోన్ టార్చ్ వేసుకుని, సేఫ్టీ పిన్ను, ప్లక్కరు పట్టుకుని కూర్చునేదాన్ని. ఒక్కోసారి సెంటీమీటర్ పొడవున్న వెంట్రుక సర్రున బయటికొచ్చేది, అబద్ధం ఎందుకు, ఆ తృప్తే వేరు! పదో రోజుకల్లా అక్కడ కాఫీపొడి రంగు మచ్చ. అలా మచ్చలు లెక్కపెట్టడం మానేశాక చర్మం డాక్టర్ దగ్గరికెళ్లా. ఆవిడ కాళ్లు చూసి నవ్వి "పొక్కులు వెంట్రుకలవి, మచ్చలు మాత్రం నీ గోళ్లవి" అంది. తిట్టినా బాగుండేది.

ఆవిడ చెప్పింది నాకర్థమైనట్టు చెప్తా. వాక్స్‌లో వెంట్రుక కుదురుతో సహా వస్తే మళ్లీ మొలిచేది సన్నటి మొనతో, మెత్తగా వస్తుంది. పైన చచ్చిన చర్మం పేరుకుని దారి మూసేసి ఉంటే అది పొడుచుకురాలేక లోపలే పక్కకి తిరిగి పెరుగుతుంది. స్ట్రిప్ పైకెత్తి లాగితే వెంట్రుక కుదురుతో రాకుండా చర్మం లోపల సగంలో తెగుతుంది, అది ఇంకా దరిద్రం. షేవింగ్‌లో వేరే రకం, రేజర్ ఏటవాలుగా కోసిన మొన సూదిలా ఉంటుంది, ఉంగరాల వెంట్రుకైతే బయటికొచ్చి మళ్లీ వంగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఎలా జరిగినా మన ఒంటికి అది ముల్లు దిగినట్టే, అందుకే వాచి ఎర్రబడుతుంది, ఒక్కోసారి చీము పడుతుంది. మన చామనఛాయ ఒంటికి ఇంకో ఖర్మ, వాపు తగ్గిన చోటల్లా నల్లరంగు మిగిలిపోతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది.

నాకు చెప్పిన మొదటి మందు ఏ మందూ కాదు, రెండు నెలలు వాక్సూ రేజరూ రెండూ బంద్. కాళ్లు ఎలుగుబంటిలా అయినా సరే అంది. నిజంగానే ఆ వెంట్రుకల్లో చాలా వరకు వాటంతటవే పొడుచుకుని బయటికొచ్చేశాయి, నేను పిన్‌తో నెలల తరబడి చేసిన యుద్ధమంతా దండగ అని అప్పుడర్థమైంది. దీంతో పాటు రోజుకి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో పది నిమిషాలు కాపడం, కాలే వేడి కాదు, చెయ్యి పెట్టగలిగేంత. రాత్రిపూట అడాపలీన్ 0.1 శాతం జెల్ (రంధ్రాలు మూసుకుపోకుండా చూసే విటమిన్ ఎ రకం మందు), మొదట్లో రోజు మార్చి రోజు, ఎందుకంటే రోజూ రాస్తే మంటెక్కి పొట్టు లేస్తుంది. చీము ఉన్న మూడు నాలుగింటికి మాత్రం యాంటీబయాటిక్ క్రీమ్. పొద్దున చర్మాన్ని మెత్తబరిచే యూరియా 10 శాతం ఉన్న లోషన్, మోకాలి దాకా డ్రెస్ వేసుకుని ఎండలోకి వెళ్తే కాళ్లకి కూడా సన్‌స్క్రీన్, లేకపోతే మచ్చలు ఇంకా నల్లబడతాయి. ఒక్క మాట, అడాపలీన్ డాక్టర్‌ని అడిగే వాడండి, గర్భం కోసం చూస్తున్నవాళ్లు అసలు వాడకూడదు, మీకు పెళ్లి కాబట్టి ఇది ముందే చెప్తున్నా. అది రాస్తున్న చోట వాక్స్ చేయిస్తే పైచర్మం ఊడొస్తుంది, ఇది మా కజిన్ పై పెదవి మీద జరిగింది, వారం రోజులు మాస్క్ పెట్టుకుని తిరిగింది.

వెంట్రుక ఇప్పటికే చర్మం పైకి ఉంగరంలా కనపడుతుంటే, కాపడం పెట్టాక స్పిరిట్‌తో తుడిచిన ప్లక్కర్ మొనతో ఆ ఉంగరాన్ని మెల్లగా పైకి లేపి వదిలేయండి, అంతే. పీకకండి, పీకితే మళ్లీ మొలిచేటప్పుడు మళ్లీ అదే కథ. చర్మం కింద ఉన్నదాన్ని తవ్వడం మాత్రం వద్దు, ఎంత దురద పుట్టినా.

మెడికల్ షాప్‌లో "దురదకి, మచ్చలకి రెండిటికీ పనిచేస్తుంది" అని ఒక ట్యూబ్ ఇస్తారు చూడండి, నా రూమ్మేట్‌కి ఇచ్చారు, నాలుగు రోజుల్లో ఎర్రదనం మాయం, ఓ తెగ మెచ్చుకుంది. అందులో ఉన్నది స్టెరాయిడ్. రెండు మూడు నెలలు తొడల మధ్య రాసేసరికి అక్కడ చర్మం పల్చబడి చారలు పడ్డాయి, అవి ఇప్పటికీ ఉన్నాయి. ట్యూబ్ మీద పేరు చివర "సోన్" అనో "సోల్" అనో ఉంటే అడక్కుండా రాయకండి. ("జోల్" అని ఉన్నవి స్టెరాయిడ్లు కావు, ఎక్కువగా ఫంగస్ మందులు, అయినా అడగడంలో పోయేదేముంది. స్టెరాయిడూ ఫంగస్ మందూ రెండూ కలిపిన ట్యూబులైతే షాపుల్లో మరీ ఎక్కువ.)

ఇక పెళ్లి సంగతి. మీ ఇంట్లో నలుగు పెడతారు కదా, సున్నిపిండి మంచిదే, మా అమ్మమ్మ చిన్నప్పుడు ఒళ్లంతా దాంతోనే రుద్దేది, మృత కణాలు పోతాయి, వెంట్రుకకి దారి దొరుకుతుంది. కానీ పిన్నులూ అత్తలూ పోటీపడి బరబరా రుద్దుతారు, ఎర్రగా వాచిన పొక్కుల మీద అలా రుద్దితే పగిలి ఇంకా పాడవుతుంది. కాళ్లకి మెల్లగా రాయమని ముందే చెప్పుకోండి, పీచు అసలు వద్దు. మామూలు రోజుల్లో వారానికి రెండుసార్లు, మెత్తటి గుడ్డతో గుండ్రంగా, అంతకంటే అక్కర్లేదు. గరుకు స్క్రబ్బుల కంటే సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం గానీ లాక్టిక్ యాసిడ్ గానీ ఉన్న లోషన్ నాకు బాగా పనిచేసింది, వాక్స్ చేసిన రోజూ మర్నాడూ తప్ప.

బ్రైడల్ ప్యాకేజీ పేరుతో ఒళ్లంతా వాక్స్ అంటారు, డబ్బు కట్టేశాం కదా అని చేయించుకోకండి. పొక్కులు తగ్గితేనే, పెళ్లికి మూడు నాలుగు రోజుల ముందు, అదీ వెంట్రుకలు బియ్యపు గింజంత పొడవు, అంటే ఓ 6 మి.మీ. పెరిగాక. స్ట్రిప్ చర్మానికి ఆనుకుని వెనక్కి లాగాలి, ఆకాశంలోకి కాదు. ఒకేచోట మూడోసారి వేస్తుంటే ఆపమనండి. వాక్స్ పూసే కర్ర ఒంటికి రాసి మళ్లీ అదే వాక్స్ డబ్బాలో ముంచుతుంటే లేచి వచ్చేయండి, మొహమాటం వద్దు, నేను మొహమాటపడే చీము తెచ్చుకున్నా. అయ్యాక రెండు రోజులు టైట్ జీన్సూ లెగ్గింగ్సూ కాకుండా వదులు కాటన్ పైజమా వేసుకోండి, చెమట పట్టి రాసుకుంటే మళ్లీ మొదలవుతుంది. పొక్కులు తగ్గకపోతే వాక్స్ ఊసే వద్దు, ట్రిమ్మర్‌తో చర్మానికి తగలకుండా కత్తిరించుకోండి చాలు.

లేజర్ గురించి అడిగారు. నేను తర్వాత చేయించుకున్నా, కాళ్లకి ఆరు సిట్టింగులు, నెల నెలన్నరకి ఒకటి, పొక్కుల బాధ దాదాపు పోయింది. పూర్తిగా పోతాయని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి, తగ్గుతాయి, సన్నబడతాయి, మధ్యలో ఒకటి రెండు టచప్‌లు పడతాయి. మన రంగుకి లాంగ్ పల్స్ ఎన్‌డీ యాగ్ 1064 (అదో రకం లేజర్, 1064 అంటే దాని కాంతి తరంగం పొడవు నానోమీటర్లలో) లాంటిది సేఫ్ అని మా డాక్టర్ చెప్పింది, మిషన్ ఏదో, సెట్టింగ్ ఎవరు పెడతారో అడగండి, తప్పు సెట్టింగ్ పెడితే కాలుతుంది. సిట్టింగుల మధ్య వాక్స్ చేయకూడదు, లేజర్‌కి కుదురు కావాలి, రేజర్ వాడొచ్చు. కానీ పెళ్లికి నెలన్నర ముందు మొదలుపెట్టకండి, ఒక్క సిట్టింగ్‌తో ఒరిగేదేం లేదు, కాలితే ఫొటోల్లో అదే కనపడుతుంది.

రేజర్ వాడేవాళ్లకి చిన్నమాట. మా తమ్ముడికి మెడ మీద గడ్డం ఉంగరాలు తిరిగి ఇలాగే పొక్కులొచ్చేవి, నాలుగు బ్లేడ్ల రేజర్‌తో చర్మం లాగిపట్టి ఎదురుగా గీసుకునేవాడు. వెంట్రుక చర్మం కంటే కిందకి తెగిపోతుంది అలా, ఇంకేం, లోపలే ఉండిపోతుంది. ఇప్పుడు ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటర్ వదిలి తీస్తాడు, నున్నగా ఉండదని మా మరదలు గొణుగుతుంది గానీ మెడ మాత్రం శుభ్రంగా ఉంది. కాళ్లకైనా అంతే, స్నానం అయ్యాక తడిగా ఉన్నప్పుడు జెల్ రాసి, మొలిచిన వైపుకే, ఒక్కసారి.

చేతుల పైభాగాన కోడి తోలులా గరుకుగా ఉండేవి వేరే, అవి వాక్స్ వల్ల వచ్చినవి కాదు, లోషన్ రాస్తే చాలు. ఎర్రదనం పాకుతున్నా, జ్వరం వచ్చినా, గడ్డ పెద్దదవుతున్నా, షుగర్ ఉన్నా ఇంటి వైద్యం ఆపి డాక్టర్ దగ్గరికెళ్లండి. గడ్డం కింద దట్టంగా వెంట్రుకలొచ్చి నెలసరి కూడా క్రమంగా రాకపోతే పార్లర్‌కి కాదు, ముందు హార్మోన్ పరీక్షలకి.

మచ్చలు నెలన్నరలో పోవు, అది నేను అబద్ధం చెప్పలేను. అయినా పట్టుచీర కుచ్చిళ్ల కింద పిక్కలు ఎవరు చూస్తారండీ, సన్నికల్లు మీద కాలు పెట్టి మెట్టెలు తొడిగేటప్పుడు కనపడేది పాదమే, దానికి ఎలాగూ పారాణి ఉంటుంది. ఈ వారంలో డాక్టర్‌కి చూపించుకుని ఏం రాశారో కింద పెట్టండి, నేను వాడినవాటితో కలుస్తాయేమో చూస్తా.