ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్లేఆఫ్ సిరీస్ ఎవరు గెలుస్తారో ఎలా అంచనా వేయాలి? శని, ఆదివారాల మ్యాచ్‌లకు హైలైట్స్ చూస్తే చాలా?

మీరు అడిగింది ఇది: కెనడా వచ్చి ఏడాదైంది, ఆఫీసులో ప్లేఆఫ్ పూల్ (ఫలితాలు ఊహించే పోటీ) పెట్టారు, మొదటి రౌండ్‌లో ఎనిమిది సిరీస్‌లకూ ఎవరు గెలుస్తారో, ఎన్ని మ్యాచ్‌లలో గెలుస్తారో రాసివ్వాలి (ఏడింటిలో ముందు నాలుగు గెలిచినవాళ్ళదే సిరీస్). శని, ఆదివారాల్లో మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా మ్యాచ్‌లే, అన్నీ చూసే తీరిక లేదు, హైలైట్స్‌తో సరిపెట్టుకోవచ్చా అని.

నేను టొరంటో పక్కనే ఉంటాను. ఏటా ఏప్రిల్ వచ్చిందంటే మా ఆఫీసులోనూ ఇదే గొడవ, నాకైతే సంవత్సరంలో అన్నిటికంటే ఇష్టమైన రోజులవి. ముందు సూటిగా చెప్తాను. పాయింట్ల పట్టిక పక్కన పెట్టండి. మొదట రెండు జట్ల గోలీలనూ, అంటే గోల్‌కీపర్లనూ చూడండి, తర్వాత రెండు వైపులా ఐదుగురు ఐదుగురు ఉన్నప్పుడు ఆట ఎవరి చేతిలో ఉంటోందో చూడండి, మిగతావన్నీ ఆ తర్వాతే. ఇక హైలైట్స్‌లో గోల్స్ ఎన్ని అని కాకుండా ఆ గోల్స్ ఎలా వచ్చాయో చూడాలి. మన వాళ్ళు ఎక్కువమంది పొరబడేది అక్కడే.

పట్టిక ఎందుకు వద్దంటున్నానంటే, 2019లో టాంపా బే 62 మ్యాచ్‌లు గెలిచి 128 పాయింట్లతో అందరికంటే పైన నిలిచింది. మొదటి రౌండ్‌లో ఎదురైంది కొలంబస్, అప్పటిదాకా ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవని జట్టు. మొదటి మ్యాచ్‌లో టాంపా 3-0 ఆధిక్యం తెచ్చుకుని కూడా 4-3తో ఓడింది, అక్కడి నుంచి వరసగా మిగతా మూడూ పోయాయి. ఆ ఏడాది నాలుగు డివిజన్ల విజేతలూ మొదటి రౌండ్‌లోనే ఇంటికి వెళ్ళారు. 2023లో బోస్టన్ 65 విజయాలు, 135 పాయింట్లతో లీగ్ రికార్డు కొట్టింది. చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు 92 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కి చేరిన ఫ్లోరిడా మీద 3-1 ఆధిక్యంలో ఉండి, ఏడో మ్యాచ్‌లో చివరి నిమిషంలో గోల్ ఇచ్చి ఓవర్‌టైమ్‌లో ఓడింది. రెగ్యులర్ సీజన్‌లో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టుకి ప్రెసిడెంట్స్ ట్రోఫీ ఇస్తారు కదా, 2013లో చికాగో తర్వాత 2025 వరకు ఆ ట్రోఫీ, ప్లేఆఫ్స్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ రెండూ ఒకే ఏడాది గెలిచిన జట్టు లేదు.

దీనికి కారణం ఉంది. రెగ్యులర్ సీజన్‌లో ఓవర్‌టైమ్ అంటే ముగ్గురికి ముగ్గురు, ఐదే నిమిషాలు, తేలకపోతే షూటౌట్ (ఒక్కొక్కరే గోలీ ఎదురుగా వెళ్ళి కొట్టడం). ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడినా ఒక పాయింటు వస్తుంది. సీజన్ మొత్తంలో అలా పోగైన పాయింట్లు చాలా ఉంటాయి. ప్లేఆఫ్స్‌లో ఇవేవీ ఉండవు. ఐదుగురికి ఐదుగురు, ఇరవై నిమిషాల పీరియడ్లు, గోల్ పడేదాకా ఆడుతూనే ఉండాలి. పైగా ఎదుట ఒకటే జట్టు, రోజు విడిచి రోజు, రెండు వారాల పాటు. మీ బలహీనత ఏదో రెండో మ్యాచ్‌కల్లా వాళ్ళకి తెలిసిపోతుంది.

గోలీ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే సగం సిరీస్ అక్కడే తేలుతుంది. తన మీదకొచ్చిన షాట్లలో ఎంత భాగం ఆపాడో చెప్పేది సేవ్ పర్సెంటేజ్. ఈ మధ్య లీగ్ సగటు 0.900 దగ్గర ఉంటోంది. మ్యాచ్‌కి 30 షాట్లు వస్తే 0.900 గోలీ మూడు గోల్స్ ఇస్తాడు, 0.930తో ఆడుతున్నవాడు రెండే ఇస్తాడు. చాలా ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఒక్క గోల్ తేడాతో తేలతాయి కాబట్టి ఆ 0.030 ఎంత పెద్దదో ఆలోచించండి. 2010లో మాంట్రియల్ గోలీ హలాక్ ఒక్క మ్యాచ్‌లో 53 షాట్లు ఆపి, 121 పాయింట్ల వాషింగ్టన్‌ని 3-1 వెనకబాటు నుంచి ఓడించడానికి దారి వేశాడు. 2012లో లాస్ ఏంజిలిస్ ఎనిమిదో సీడ్‌గా వచ్చి కప్పు ఎత్తుకుపోయిందంటే జోనథన్ క్విక్ ఆ రెండు నెలలు 0.946తో గోడలా నిలబడ్డాడు మరి.

అయితే గోలీ పేరు చూసి రాసేయకండి. ఇప్పుడు ఎలా ఆడుతున్నాడో చూడాలి, ముఖ్యంగా చివరి నెల. విన్నిపెగ్ గోలీ హెల్లబక్ 2025లో లీగ్ అత్యుత్తమ గోలీ అవార్డూ, అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ రెండూ తెచ్చుకున్నాడు. అదే వసంతంలో మొదటి రౌండ్‌లో సెయింట్ లూయిస్ వెళ్ళి ఆడిన మూడు మ్యాచ్‌లలోనూ అతన్ని మధ్యలోనే బయటికి తీసేశారు. ఇంకో సంగతి, రెండో గోలీ ఎవరో తప్పకుండా తెలుసుకోండి. 2025 రెండో రౌండ్ మొదటి మ్యాచ్‌లో మా టొరంటో గోలీ స్టోలార్జ్ దెబ్బ తగిలి బయటికెళ్ళాడు, వోల్ వచ్చాడు. ఫ్లోరిడా మీద 2-0 ఆధిక్యం తెచ్చుకున్న జట్టు చివరికి ఏడో మ్యాచ్‌లో సొంత మైదానంలో 6-1తో ఓడిపోయింది. ఐదో మ్యాచ్ కూడా ఇక్కడే, అదే 6-1. అదంతా గోలీ మారినందుకే అని అనను, వోల్ ఆరో మ్యాచ్‌లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. కానీ ఆ రాత్రి అరీనా బయట స్క్వేర్‌లో నిలబడ్డ జనం మొహాలు చూసినవాళ్ళకి ఇంకా గుండె బరువే. 1967 నుంచి కప్పు కోసం ఎదురుచూపు కదా.

ఇక ఐదుగురికి ఐదుగురు ఆట. పవర్ ప్లే (ఎదుటి ఆటగాడు పెనాల్టీతో బయట కూర్చున్నప్పుడు ఒకరు ఎక్కువగా ఆడే సమయం) చూసి మోసపోవడం తేలిక, ఎందుకంటే హైలైట్స్‌లో అదే అందంగా కనిపిస్తుంది. ఎడ్మంటన్ పవర్ ప్లేలో డ్రైసైటిల్‌ని గమనించండి, గోల్ లైన్‌కి దగ్గరగా కుడి పక్కన, అక్కడి నుంచి పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ) లోపలికి ఎలా పోతుందా అనిపించే కోణంలో నిలబడతాడు, అటునుంచి పాస్ రాగానే ఆపకుండా కొడతాడు, గోలీ ఆ పక్కకి జరిగేలోపే పై మూలలో ఉంటుంది. 2022-23లో వాళ్ళ పవర్ ప్లే 32.4 శాతంతో లీగ్ చరిత్రలోనే అత్యుత్తమం. అయినా ఆ ఏడాది రెండో రౌండ్‌లో వేగస్ చేతిలో ఆరు మ్యాచ్‌లలో ఓడారు. సిరీస్ ముదిరేకొద్దీ, మూడో పీరియడ్‌లోనూ ఓవర్‌టైమ్‌లోనూ రెఫరీలు చిన్నా చితకా తప్పులకి విజిల్ వేయరు. అప్పుడు మిగిలేది ఐదుగురి ఆటే. షాట్లలో ఎవరి వాటా ఎంత, గోల్‌కి దగ్గర నుంచి కొట్టినవి ఎన్ని, ఇవి చూడండి. ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అని ఒక లెక్క ఉంటుంది, షాట్ ఎంత దూరం నుంచి, ఏ కోణంలో వచ్చిందో బట్టి అది గోల్ అయ్యే అవకాశాన్ని కలిపేది. సీజన్ మొత్తానిది కాకుండా మార్చి మొదట్లో ట్రేడ్లు (జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడి) ముగిశాక ఆడిన మ్యాచ్‌ల లెక్క తీసుకోండి, ఇప్పుడున్న జట్టు అదే.

సొంత మైదానం ఉపయోగం ప్రేక్షకుల అరుపుల కంటే ఎక్కువ. ఆట ఆగినప్పుడు ముందు బయటి జట్టు తన ఆటగాళ్ళని దించాలి, అది చూసి సొంత జట్టు కోచ్ తనవాళ్ళని పంపుతాడు. అంటే ఎదుటివాళ్ళ స్టార్ మీదకి తన గట్టి డిఫెన్స్ జంటని వదలొచ్చు. పైన చెప్పిన విన్నిపెగ్, సెయింట్ లూయిస్ సిరీస్‌లో ఏడు మ్యాచ్‌లూ సొంత జట్టే గెలిచింది. అందుకే ఏడో మ్యాచ్ ఎవరింట్లోనో ముందే చూసుకుని, దాదాపు సమానం అనిపించిన సిరీస్‌లో అటు మొగ్గండి.

ఎన్ని మ్యాచ్‌లలో అనేదానికి కొంచెం లెక్క తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. ఒక్కో మ్యాచ్‌లో గెలిచే అవకాశం 55 శాతం ఉన్న జట్టుకి ఏడు మ్యాచ్‌ల సిరీస్ గెలిచే అవకాశం 61 శాతం దగ్గరే. మ్యాచ్‌కి 60 శాతం అయితే సిరీస్‌కి 71. అంటే బాగా మెరుగైన జట్టు కూడా పదింట మూడుసార్లు ఓడుతుంది. ఎనిమిది సిరీస్‌లకీ ఒక్కోదానికి 60 శాతం నమ్మకంతో రాస్తే ఎనిమిదీ కరెక్ట్ అయ్యే అవకాశం నూటికి రెండు కూడా లేదు, ఐదు వస్తే బాగా రాసినట్టే. కొంచెం మెరుగైన జట్టు అనుకున్నప్పుడు "ఆరు" అని రాయడమే లాభం, ఆ 55 శాతం జట్టుకి ఆరింటిలో ముగించే అవకాశం మిగతా అన్నిటికంటే కాస్త ఎక్కువ. స్వీప్ (4-0) జోలికి చాలా అరుదుగా వెళ్ళండి.

స్వీప్ అన్నాను కాబట్టి 2023లో ఫ్లోరిడా, కరోలినా మధ్య సెమీఫైనల్ లాంటి కాన్ఫరెన్స్ ఫైనల్ చెప్పాలి. కాగితం మీద 4-0. నాలుగు మ్యాచ్‌లూ ఒక్క గోల్ తేడానే. మొదటిది నాలుగో ఓవర్‌టైమ్‌లో, ఆ పీరియడ్ ముగియడానికి 13 సెకన్ల ముందు తేలింది, ఫ్లోరిడా గోలీ బొబ్రోవ్‌స్కీ 63 షాట్లు ఆపాడు. రెండోదీ ఓవర్‌టైమే. మూడోది 1-0. ఆ స్కోర్లు చూసి కరోలినా తేలిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు హైలైట్స్. నేను చేసేది ఇది: ఆదివారం రాత్రో సోమవారం పొద్దున రైల్లోనో, వీడియో కంటే ముందు మ్యాచ్ షీట్ తెరుస్తాను. ఏ గోల్ ఎప్పుడు పడింది, ఎవరైనా పెనాల్టీలో ఉన్నారా, ఖాళీ నెట్‌లోకి కొట్టిందా, పీరియడ్‌కి ఎన్ని షాట్లు, గోలీని మార్చారా, ఇవి చూశాకే పది నిమిషాల హైలైట్స్. వెనకబడ్డ జట్టు చివర్లో గోలీని తీసేసి ఆరో ఆటగాణ్ణి దించుతుంది కాబట్టి 3-1, 4-2 అని కనిపించేవి చాలాసార్లు 2-1, 3-2 మ్యాచ్‌లే.

2025 మే 3, 4 శని, ఆదివారాలు తీసుకోండి, నేను మర్చిపోలేని వారాంతం అది. శనివారం డాలస్, కొలరాడో ఏడో మ్యాచ్. డాలస్‌కి హైస్కనెన్, రాబర్ట్‌సన్ ఇద్దరూ గాయాలతో సిరీస్ మొత్తానికీ లేరు. మూడో పీరియడ్‌లో 0-2తో వెనకబడ్డారు. జనవరిలో కొలరాడో వదిలేసుకున్న రాంటనెన్ ఒక్క పీరియడ్‌లో హ్యాట్రిక్ కొట్టాడు, 4-2. స్కోరు చూస్తే తేలిక విజయంలా ఉంటుంది. కానీ సమం చేసిన గోల్ నెట్ వెనక నుంచి చుట్టి తెస్తే డిఫెండర్ స్కేట్‌కి తగిలి లోపలికెళ్ళింది, ఆధిక్యం ఇచ్చిన గోల్ నాలుగు నిమిషాలే మిగిలుండగా జాన్‌స్టన్‌ది, నాలుగోది ఖాళీ నెట్‌లోకి. మర్నాడు విన్నిపెగ్, సెయింట్ లూయిస్ ఏడో మ్యాచ్. రెండు నిమిషాలు మిగిలుండగా విన్నిపెగ్ 1-3తో వెనకబడి ఉంది. గోలీని తీసేశారు, ఒకటి కొట్టారు, చివరి మూడు సెకన్లలో కానర్ షాట్‌కి నెట్ ముందున్న పెర్ఫెట్టి స్టిక్ తగిలించాడు, 3-3. రెండో ఓవర్‌టైమ్‌లో దూరం నుంచి పియాంక్ కొట్టిన షాట్‌కి కెప్టెన్ లౌరీ అలాగే స్టిక్ తగిలించి ముగించాడు. సమం చేసిందీ, గెలిపించిందీ రెండూ గోలీ కళ్ళకి అడ్డంగా నిలబడి దారి మళ్ళించినవే. హైలైట్స్‌లో మీరు వెతకాల్సింది ఇదే: షాట్ కొట్టినవాణ్ణి కాదు, నెట్ ముందు దెబ్బలు తింటూ ఎవరు నిలబడుతున్నారు, వాళ్ళని తోసేయగల డిఫెన్స్ ఎదుటివాళ్ళకి ఉందా అని.

క్రితం మ్యాచ్ స్కోరు తర్వాతి మ్యాచ్‌కి పనికిరాదనడానికి 2024 ఫైనల్ చాలు. ఫ్లోరిడా 3-0తో ముందుంది. తర్వాత ఎడ్మంటన్ 8-1, 5-3, 5-1తో వరసగా మూడు కొట్టింది. ఊరంతా కప్పు వచ్చేసిందనుకుంది. ఏడో మ్యాచ్ ఫ్లోరిడా 2-1. సిరీస్ మొత్తంలో ఎడ్మంటన్ 23 గోల్స్, ఫ్లోరిడా 18, కప్పు మాత్రం ఫ్లోరిడాదే.

తీరిక తక్కువైతే ఆరు మ్యాచ్‌ల హైలైట్స్ బదులు, మీరు ఎటూ తేల్చుకోలేని సిరీస్‌లో ఒక్క మ్యాచ్ మూడో పీరియడ్ పూర్తిగా చూడండి. ఒక్క గోల్ ఆధిక్యంలో ఉన్న జట్టు పక్‌ని తమ జోన్ నుంచి శుభ్రంగా బయటికి పంపుతోందా, లేక గోడకేసి కొట్టి ఊపిరి పీల్చుకుంటోందా అన్నది ఆ ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంటి దగ్గర అన్నయ్యో బావగారో హైదరాబాద్ నుంచి చూస్తానంటే, ఇక్కడ రాత్రి ఏడుకి మొదలయ్యేది అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర, పదింటిది పొద్దున ఏడున్నర. కాఫీతో కూర్చోవడానికి ఆ రెండోదే నయం.

పూల్ గురించి చివరి మాట. అందులో ఇరవై మంది ఉంటే అందరూ రాసేదే మీరూ రాస్తే గెలవడం కష్టం. ఆరు సిరీస్‌లలో మీ లెక్క ప్రకారం రాయండి, దాదాపు సమానంగా ఉన్న రెండింటిలో జనం వదిలేసిన జట్టుని తీసుకోండి. టొరంటో ఆఫీసైతే అందరూ మా ఊరి జట్టు లీఫ్స్ పేరే రాస్తారు, నేనూ రాస్తాను, దాన్ని మాత్రం మానుకోమని అడగకండి. రెండో రౌండ్‌కి మళ్ళీ కొత్తగా రాయనిస్తారా, లేక కప్పు దాకా ఇప్పుడే రాసివ్వాలా అన్నది కనుక్కోండి. ఇప్పుడే అన్నీ ఇవ్వాలంటే కప్పు గెలిచే జట్టుకి మంచి గోలీలు ఇద్దరున్నారో లేదో ముందు చూడండి, రెండు నెలలు ఒక్కడి మీద నడవడం కష్టం. మీ ఎనిమిది సిరీస్‌లు ఏవో రాయండి, ఎటు మొగ్గుతానో ఒక్కోటీ చెప్తాను.