థియేటర్ వాళ్ల తెర గీస్తే నా పని పోతుందా? – సమాధానం

ఎంఎఫ్ఏ (చిత్రకళలో పీజీ) చివరి సెమిస్టర్‌లో థియేటర్ విభాగానికి నాటకం వెనక కట్టే తెర గీస్తే సొంత పెయింటింగ్ వెనకబడుతుందేమోనని అడిగారు. నా మాట విని ఒప్పుకోండి. నేను చదివేటప్పుడు ఇలాగే పచ్చటి అడవి గీసిచ్చాను. రిహార్సల్లో ఎర్ర లైటు పడగానే ఆకులన్నీ నల్లగా మాడిపోయినట్టు అయ్యాయి! లైటింగ్ చేసే అమ్మాయి ఒక్కో ఫిల్టర్ మార్చి చూపించింది. రంగు గురించి ఆ సాయంత్రం తెలిసినంత స్టూడియోలో ఎన్నడూ తెలియలేదు.

తోలుబొమ్మలాట వాళ్లకిది పాత సంగతే. తోలు చెక్కేటప్పుడే వెనక దీపం ఎలా వెలుగుతుందో లెక్కేసుకుంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లోనూ నాట్యం, రంగస్థలం, చిత్రకళ ఒకే గూటిలో ఉన్నాయి.

అయితే ఆ స్కెచ్‌లు మీ జ్యూరీ (చివర్లో మీ పని చూసి మార్కులేసేవాళ్లు) మార్కుల్లోకి వస్తాయో లేదో గైడ్‌తో ముందే తేల్చుకోండి. అసలు టెన్షన్ అక్కడే.